ఎవరితో నవ్వాం, ఎవరి మీద నవ్వాం

శ్రీకాకుళం కాంప్లెక్సులో రాజాం బస్సెక్కిన ముసలాయన్ని కండక్టరు అడిగాడు.

"తాతా, ఎక్కడికి?"

"మా గుంటింటికి బావూ."

"గుంట ఎక్కడుంటాది?"

"ఆల అత్తోరింట్లో."

"అత్తోరిల్లెక్కడ తాతా?"

"రామకోవిల ఎనకాతల."

ఇది చదివి పెదవి కాస్త కదిలితే, ఆ రెండు మూడు సెకన్లలో మీ బుర్ర చాలా పని చేసేసినట్టే. కండక్టరుకి కావలసింది ఊరి పేరని మీకు ఎవరూ చెప్పలేదు. టిక్కెట్టు కొట్టాలంటే అదే కావాలి కాబట్టి, తాత నోరు విప్పకముందే మీ బుర్ర ఒక ఊరి పేరు కోసం చూస్తూ కూర్చుంది. ఆయన చెప్పింది అది కాదు. అలాగని అబద్ధమూ చెప్పలేదు, తిక్కగానూ మాట్లాడలేదు. కూతురింటికి ఆయన దగ్గరున్న చిరునామా అదే. "ఇదేంటి?" అని ఒక్క క్షణం తడబడి, వెంటనే "ఓహో, ఈయన లెక్క ఇదా" అని సర్దుకోవడంలోనే హాస్యం పుట్టింది.

నవ్వు ఆరోగ్యానికి మంచిదని ఫోన్లలో తిరిగే మెసేజీలకు లెక్కలేదు. బీపీ దిగుతుంది, గుండెకు బలం, రోగాలు దగ్గరికి రావు, ఆయుష్షు పెరుగుతుంది అంటూ అన్నీ ఒకే మూటగా కట్టి పంపేస్తారు. అందులో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. జోకు అర్థం కావడం ఒకటి. నవ్వడం మరొకటి. మనసు తేలికపడడం ఇంకొకటి. ఇవి మెదడులో ఒకే చోట జరిగేవి కావు, ప్రతిసారీ కలిసే రావాలనీ లేదు. జోకు అర్థమై కూడా నవ్వకుండా ఉండొచ్చు. జోకన్నదే లేకుండా పడీపడీ నవ్వొచ్చు. పైకి నవ్వుతూ లోపల కుమిలిపోవచ్చు. విడదీసి చూస్తే నాకు అర్థమైనదేంటంటే, మనకు జరిగే మేలులో జోకుది చిన్న వాటా, పక్కనున్న మనుషులది పెద్ద వాటా. ఇక ఆ నవ్వు ఎవరి మీద పడుతోందన్నదాన్ని బట్టి, అదే నవ్వు కీడు కూడా చేస్తుంది.

జోకు పేలినప్పుడు

2001లో వినోద్ గోయెల్, రేమండ్ డోలన్ అనే ఇద్దరు పరిశోధకులు కొంతమందిని ఎంఆర్ఐ స్కానర్‌లో పడుకోబెట్టి జోకులు వినిపించారు. వాటిలో కొన్ని అర్థం మీద నడిచేవి, మన తాత జవాబుల్లాంటివి. కొన్ని శబ్దం మీద నడిచేవి, "పాలకొండ వెళ్లి టీ అడిగితే పాలు లేవన్నారు" అనే బాపతు కుళ్లు జోకులు. మొదటి రకానికి కణతల వైపుండే టెంపోరల్ లోబ్స్ రెండూ పనిలోకి దిగాయి. మాటల అర్థాలను వెతికి జోడించడంలో వాటి పాత్ర పెద్దది. రెండో రకానికి, మాటలు పలకడంలో సాయపడే ఎడమ ముందరి భాగం కదిలింది. దారులు ఇలా వేరైనా, జోకు బాగుందనిపించినప్పుడు మాత్రం రెండింటికీ స్పందించిన చోటు ఒకటే. నుదుటి వెనక కింది వైపు ఉండే వెంట్రోమీడియల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అది. అర్థం చేసుకోవడం ఒక మెట్టు, ఆనందించడం దాని పై మెట్టు అన్నమాట.

2003లో స్టాన్‌ఫర్డ్ బృందం ఇంకాస్త లోపలికి వెళ్లింది. నవ్వొచ్చే కార్టూన్లు కొన్ని, నవ్వొచ్చే ముక్క తీసేసినవి కొన్ని కలిపి చూపించారు. నవ్వొచ్చినవాటికి మెదడు లోతుల్లో ఉండే న్యూక్లియస్ అకంబెన్స్ స్పందించింది. డబ్బు వస్తుందన్నా, ఇష్టమైన తిండి కనబడినా కదిలే బహుమతి వ్యవస్థలో అది ముఖ్యమైన భాగం. ఆ వ్యవస్థ డోపమైన్ మీద నడుస్తుంది. డోపమైన్‌ని 'సంతోష రసాయనం' అని రాసేస్తుంటారు గానీ, దానికి సంతోషం కంటే 'ఇంకా కావాలి' అనిపించడంతో ఎక్కువ సంబంధం. కామెడీ రీల్స్ తోసుకుంటూ అర్ధరాత్రి దాకా కూర్చునేవాళ్లకు ఈ తేడా వేరే చెప్పక్కర్లేదు.

ఈ పని ఎంత సున్నితమైనదో అది దెబ్బతిన్నప్పుడు తెలుస్తుంది. మెదడు కుడి వైపు దెబ్బతిన్నవాళ్లకు జోకు మొదటి భాగం చెప్పి, ముగింపు మీరే ఎంచుకోండని 1980లలో అమెరికాలో పరీక్షలు చేశారు. మన బస్సు కథని ఆ పద్ధతిలో పెడితే, "గుంట ఎక్కడుంటాది?" అన్నదానికి మూడు జవాబులిస్తారు. "రాజాంలో." "ఆల అత్తోరింట్లో." "కోతొచ్చి డ్రైవరు తువ్వాలు ఎత్తుకుపోయింది." మొదటిదానిలో తప్పు లేదు, నవ్వూ లేదు. రెండోది జోకు. మూడోది వింతే గానీ కథకి అతకదు. కుడి మెదడు దెబ్బతిన్నవాళ్లు చాలాసార్లు ఈ మూడో రకం వైపు మొగ్గారు. చివర్లో ఏదో అనుకోనిది జరగాలన్న సంగతి వాళ్లకు గుర్తుంది. అది తిరిగి కథలో అతుక్కోవాలన్నది మాత్రం పట్టు జారిపోయింది. 1999లో కెనడాలో చేసిన అధ్యయనం ఈ విషయంలో నుదుటి వెనక కుడి వైపుండే ఫ్రంటల్ లోబ్‌ది ప్రత్యేకమైన పాత్ర అని చూపించింది.

ఇంట్లో పెద్దవాళ్లున్నవారు గుర్తుపెట్టుకోదగ్గ సంగతి ఒకటుంది. ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా అనే జబ్బులో మతిమరుపు కంటే ముందే మనిషి హాస్యం తీరు మారిపోవచ్చు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2015లో రోగుల బంధువులను, స్నేహితులను అడిగితే, జబ్బు బయటపడడానికి ఏళ్ల ముందే ఆ మార్పు కనబడిందన్నారు. ఎప్పుడూ గంభీరంగా ఉండే మనిషి టీవీలో ఘోరమైన వార్త చూసి నవ్వడం అలాంటిదే. "వయసైపోయింది, చాదస్తం" అని కొట్టిపారేయకుండా డాక్టరుకి చెప్పాల్సిన మార్పు ఇది.

జోకుకి ఇంకో ఉపయోగం ఉంది, అది మాత్రం మనవాళ్లకు స్కానర్లు రాకముందే తెలుసు. బుర్రకథలో కథకుడికి రెండు పక్కలా ఇద్దరు వంతలుంటారు. ఒకరు రాజకీయ వంత, ఇంకొకరు హాస్య వంత. కథ బిగిసే చోట హాస్య వంత అడ్డుపడి ఏదో ఒకటి అంటాడు, జనం గొల్లుమంటారు, మళ్లీ కథ అందుకుంటుంది. ఆదిభట్ల నారాయణదాసు పుట్టిన ఈ నేల మీద హరికథ విన్నవాళ్లెవరికైనా పిట్టకథ పని ఏమిటో తెలుసు. రాత్రి పది దాటాక ముందు వరసలో తల వాలుతోందంటే దాసుగారు కథలోంచి పక్కకి ఒకడుగు వేస్తారు. అయితే 1994లో స్టీఫెన్ ష్మిడ్ట్ చేసిన ప్రయోగాలు ఇందులో ఒక మెలిక చూపించాయి. మామూలు వాక్యాల మధ్య నవ్వొచ్చే వాక్యాలు కలిపితే, నవ్వొచ్చినవే బాగా గుర్తున్నాయి. అన్నీ నవ్వొచ్చే వాక్యాలే ఉన్న జాబితాలో ఆ లాభం కనబడలేదు. హాస్య వంత ఒక్కడే ఉండాలి, ముగ్గురూ హాస్య వంతలైతే కథ మిగలదు. మాస్టర్లకు కూడా ఇది పనికొస్తుంది. పాఠానికి సంబంధం లేని జోకు వేస్తే పిల్లలకి ఆ జోకే గుర్తుంటుంది. పాఠం గుర్తుండాలంటే జోకు పాఠంలోంచే రావాలి.

నవ్వుకి జోకుతో పనిలేదు

అమెరికాలోని మేరీల్యాండ్‌లో రాబర్ట్ ప్రొవైన్ అనే శాస్త్రవేత్త నవ్వుని లాబ్‌లో కాకుండా బయట పట్టుకున్నారు. తన విద్యార్థులతో కలిసి మాల్స్‌లో, వీధుల్లో, కాలేజీ ఆవరణల్లో జనం మాటలు వింటూ, నవ్వు రాకముందు ఏ మాట అన్నారో రాసుకున్నారు. అలా 1,200 నవ్వులు పోగయ్యాయి. వాటిలో జోకు అనదగ్గ మాట తర్వాత వచ్చినవి 10 నుంచి 20 శాతమే. మిగతావన్నీ "సరే, మళ్లీ కలుద్దాం" లాంటి చప్పిడి మాటల తర్వాత వచ్చినవి. పైగా వినేవాళ్ల కంటే మాట్లాడేవాళ్లే 46 శాతం ఎక్కువ నవ్వారు. మనిషి ఒంటరిగా ఉన్నప్పటి కంటే నలుగురిలో ఉన్నప్పుడు నవ్వే అవకాశం 30 రెట్లు ఎక్కువని కూడా ఆయన లెక్కగట్టారు.

ఇది నమ్మబుద్ధి కాకపోతే పలాస వెళ్లి, కాశీబుగ్గ వైపు ఏదైనా జీడి ఫ్యాక్టరీలో పప్పు మీద పొట్టు తీసే షెడ్డు దగ్గర కాసేపు నిలబడండి. వరసగా ఆడవాళ్లు కూర్చుని ఉంటారు. చేతులు ఆగవు. కత్తి మొనతో పొట్టు లేపడం, గుండు ఒక పక్కకి, బద్ద ఒక పక్కకి వేయడం. తలెత్తకుండానే ఒకామె అడుగుతుంది.

"అప్పా, నిన్న ఏటొండేవు?"

"ఒంకాయ."

అంతే. వరస మొత్తం ఒక్కసారి గొల్లుమంటుంది. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది, ఇంకొకామె కళ్లు తుడుచుకుంటుంది. వంకాయలో అంత నవ్వొచ్చేదేముందో గుమ్మం దగ్గర నిలబడ్డ మనకి అంతు పట్టదు. అడిగితే వాళ్లూ సరిగ్గా చెప్పలేరు. ఆ వంకాయ వెనక మొన్నటి సంగతో, నిరుటి సంగతో ఏదో ఉంటుంది. అది తెలిసినవాళ్లంతా ఒక జట్టు. ఆ నవ్వు చెప్పేది కూడా అదే.

నవ్వు పుట్టే చోటు వేరని చూపించిన ఘటన ఒకటి 1998లో నేచర్ పత్రికలో వచ్చింది. మూర్ఛకి ఆపరేషన్ చేసే ముందు 16 ఏళ్ల అమ్మాయి మెదడులో ఎడమ వైపు, కదలికలను సిద్ధం చేసే ఒక చిన్న ప్రాంతానికి డాక్టర్లు కొద్దిగా కరెంటు ఇచ్చారు. ఆమె నవ్వింది. కరెంటు తక్కువైతే చిరునవ్వు, పెంచితే పెద్ద నవ్వు. నాకు ఆశ్చర్యం కలిగించింది ఆ తర్వాత జరిగింది. ఎందుకు నవ్వావని అడిగిన ప్రతిసారీ ఆమె ఏదో ఒక కారణం చెప్పింది. చూపించిన గుర్రం బొమ్మ నవ్వు తెప్పించిందని ఒకసారి, చుట్టూ నిలబడ్డ డాక్టర్లే వింతగా ఉన్నారని ఇంకోసారి. నవ్వు ముందు వచ్చింది, కారణం తర్వాత అల్లుకుంది.

మనసారా వచ్చే నవ్వూ, మర్యాదకి నవ్వే నవ్వూ కూడా ఒకే దారిలో రావు. మొదటిది మెదడులో లోతైన, పాతకాలపు భాగాల నుంచి, మెదడుని వెన్నుపాముతో కలిపే బ్రెయిన్‌స్టెమ్ మీదుగా తన్నుకొస్తుంది. రెండోది మనం మాట్లాడడానికి వాడే మోటార్ ప్రాంతాల పని. వియ్యంకుడు వేసిన జోకుకి నవ్వే నవ్వు ఈ రెండో దారిది. పక్షవాతం వచ్చిన కొందరిలో ఈ దారుల మధ్య అదుపు తప్పి, ఏ కారణమూ లేకుండా నవ్వో ఏడుపో ఆగకుండా వస్తుంది. చూసేవాళ్లు మతి చలించిందనుకుంటారు. అది నరాలకు సంబంధించిన సమస్య, దానికి మందులున్నాయి.

నవ్వు వినబడిన ప్రతిచోటా ఆనందం ఉందనుకోవడానికీ లేదు. 1962లో అప్పటి టాంగన్యికాలో కషాషా అనే ఊరి బాలికల బడిలో మొదలైన నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకి, చివరికి బడి మూసేశారు. మానసిక ఒత్తిడి మూకుమ్మడిగా బయటపడిన తీరు అదని తర్వాత విశ్లేషించారు.

కలిసి నవ్వినప్పుడు

ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ బృందం 2011లో ప్రచురించిన ప్రయోగాలు ఇక్కడ కీలకం. ముంజేతికి ఫ్రీజర్‌లోంచి తీసిన చల్లటి తొడుగు వేసి, లేదా బీపీ చూసే పట్టీ బిగించి, ఎంతసేపు ఓర్చుకోగలరో ముందు కొలిచారు. తర్వాత కొందరికి కామెడీ వీడియోలు, కొందరికి డాక్యుమెంటరీలు చూపించి మళ్లీ కొలిచారు. నలుగురితో కూర్చుని గట్టిగా నవ్వినవాళ్లకు నొప్పి ఓర్చుకునే శక్తి పెరిగింది. ప్రకృతి దృశ్యాలు చూసి హాయిగా అనిపించినవాళ్లకు పెరగలేదు. అంటే మనసు బాగుండడం ఒక్కటే సరిపోలేదు, ఒళ్లు కుదిపే నవ్వు కావలసి వచ్చింది. ఊపిరి వరసగా బయటికి నెట్టేస్తూ, పొట్ట పట్టేసేలా నవ్వే నవ్వు కండరాలకు నిజంగా శ్రమే. ఆ శ్రమ వల్ల ఎండార్ఫిన్లు విడుదలవుతాయని డన్‌బార్ ఊహ. ఎండార్ఫిన్లంటే మన ఒళ్లే తయారుచేసుకునే నొప్పి మందు.

ఆయన ఎండార్ఫిన్లను నేరుగా కొలవలేదు. ఆ పని 2017లో ఫిన్లాండ్‌లోని తుర్కు పరిశోధకులు చేశారు. 12 మంది మగవాళ్లు తమ దగ్గరి స్నేహితులతో కలిసి అరగంట కామెడీ క్లిప్పులు చూశాక పెట్ స్కాన్ తీశారు. థాలమస్, కాడేట్ న్యూక్లియస్, ఇన్సులా వంటి చోట్ల మెదడు సొంత ఓపియాయిడ్లు, అంటే ఎండార్ఫిన్ల జాతి రసాయనాలు, విడుదలైన జాడ కనబడింది. పన్నెండు మంది చిన్న సంఖ్యే, అందులో ఆడవాళ్లు లేరు. అయినా రెండు ప్రయోగాలూ ఒకే వైపు చూపిస్తున్నాయి.

కోతులు ఒకదాని ఒంట్లో పేలు ఇంకొకటి ఏరుకుంటూ స్నేహం నిలబెట్టుకుంటాయి. అప్పుడు వాటిలోనూ ఎండార్ఫిన్లే విడుదలవుతాయి. కాకపోతే ఒకసారికి ఒకరికే పేలు చూడగలం. నవ్వైతే దూరం నుంచే, చేతిలో పని ఆపకుండా, ముగ్గురు నలుగురికి ఒకేసారి అందుతుందని డన్‌బార్ వాదన. మోకాలి లోతు బురదలో నడుం వంచి ఊడుపులు ఊడ్చే ఆడవాళ్ల మధ్య పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎటకారాలు ఎందుకు ఆగవో నాకు ఈ వాదన చదివాకే అర్థమైంది. మేస్త్రీలు మాత్రం ఇంకా "నవ్వులాపి పని సూడండి" అనే అరుస్తుంటారు.

టెన్షన్ సంగతి

నవ్వితే టెన్షన్ తగ్గుతుందన్న మాటకు ఎక్కువగా చూపించే ఆధారం కార్టిసాల్. ఒత్తిడిలో పెరిగే హార్మోన్ అది. 1989లో అమెరికాలో లీ బెర్క్ బృందం గంటసేపు కామెడీ వీడియో చూసినవాళ్లలో కార్టిసాల్, ఎడ్రినలిన్ తగ్గాయని ప్రకటించింది. ఇప్పటికీ వాట్సాప్ మెసేజీలన్నిటికీ మూలం అదే. వీడియో చూసినవాళ్లు ఎంతమందో తెలుసా? ఐదుగురు. చూడనివాళ్లు ఇంకో ఐదుగురు. ఆ తర్వాత ఇంకా అధ్యయనాలు వచ్చాయి. 2023లో 8 అధ్యయనాలను, మొత్తం 315 మందిని కలిపి లెక్కేసినప్పుడు, నవ్విన గుంపులో కార్టిసాల్ సుమారు 32 శాతం ఎక్కువ తగ్గినట్టు తేలింది. ఇది బాగానే ఉంది. కానీ ఇవి ఆ పూటకి తగ్గిన లెక్కలు. ఆరు నెలల తర్వాత మనిషి ఎలా ఉన్నాడన్నది వేరే ప్రశ్న.

నార్మన్ కజిన్స్ కథ కూడా ఇలాగే చేతులు మారి పెద్దదైపోయింది. 1964లో ఈ అమెరికన్ సంపాదకుడికి వెన్నుపూస బిగిసిపోయే జబ్బు వచ్చింది. హాస్పిటల్ గది వదిలి హోటల్‌కి మారి, కామెడీ సినిమాలు చూస్తూ, విటమిన్ సి పెద్ద మోతాదుల్లో తీసుకుంటూ కోలుకున్నానని 1976లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో రాశారు. పది నిమిషాలు పగలబడి నవ్వితే రెండు గంటలు నొప్పి లేకుండా నిద్ర పట్టేదట. నిద్ర పట్టిందన్న మాట నమ్మొచ్చు, డన్‌బార్ ప్రయోగాలకూ దానికీ పొంతన ఉంది. జబ్బు నవ్వు వల్లే నయమైందన్నది మాత్రం ఒక మనిషి అనుభవం. తనంతట తనే తగ్గిందో, ఏది పనిచేసిందో విడదీసి చెప్పే దారి అందులో లేదు.

నా ఉద్దేశంలో హార్మోన్ల కంటే గట్టి లాభం ఇంకోటి ఉంది. కష్టాన్ని చూసే కోణాన్ని హాస్యం కాస్త పక్కకి జరుపుతుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు లేదు, నీళ్లు లేవు. ఆ రోజుల్లో ఒక పెద్దాయన ఇంటి మీద రేకులు లేచిపోయి పక్కూరి చెరువు గట్టున పడితే, "మా రేకులు ఆ ఊరికి ఇల్లరికం ఎలిపోనాయి బావూ" అన్నాడు. వినేవాళ్లు నవ్వారు, ఆయనా నవ్వాడు. రేకులు తిరిగి రాలేదు. కానీ ఆ మాట అనగలగాలంటే జరిగినదానికి ఒక్క నిమిషమైనా బయట నిలబడి చూడాలి. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని పునర్మూల్యాంకనం అంటారు. ఆందోళనని అదుపు చేసే పద్ధతుల్లో బాగా పనిచేసేవాటిలో ఇదొకటి.

ఇక్కడే అసలు మెలిక. ఆండ్రియా శాంసన్, జేమ్స్ గ్రాస్ 2012లో ప్రచురించిన ప్రయోగంలో మనసు చెడగొట్టే బొమ్మలు చూపించి, వాటి మీద ఏదైనా హాస్యంగా అనుకోమన్నారు. కొందరిని మంచితనంతో కూడిన హాస్యం చేయమన్నారు, కొందరిని ఎగతాళి చేయమన్నారు. మంచితనం ఉన్న హాస్యమే బాధని ఎక్కువ తగ్గించింది. ఎవరినీ చిన్నబుచ్చకుండా రేకులను ఇల్లరికం పంపిన పెద్దాయన ఏ రకమో చెప్పక్కర్లేదు.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం మాట వచ్చింది కాబట్టి డయాలసిస్ వార్డు గురించి కూడా. వారంలో రెండు మూడుసార్లు, ఒక్కో విడత నాలుగు గంటల చొప్పున పక్కపక్క మంచాల మీద పడుకునేవాళ్లు చుట్టాల కంటే దగ్గరైపోతారు. "మావా, నీ మిషనే బాగుంది, నాకియ్యి" అని ఒకరంటే, "కట్నం కింద ఇస్తాను, మా గుంటని సేసుకో" అని ఇంకొకరు. మిషను అడిగినతనికి అరవై దాటి ఉంటాయి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మీద ఈ నవ్వు ప్రభావం సున్నా, అది ఒప్పుకోవాలి. నాలుగు గంటలు గడవడం మీద మాత్రం ప్రభావం ఉంది, అది చిన్న సంగతి కాదు.

ఎవరి మీద

కెనడా మనస్తత్వవేత్త రాడ్ మార్టిన్ బృందం 2003లో హాస్యాన్ని నాలుగు తీరులుగా విడగొట్టింది. నలుగురినీ కలిపేది, కష్టంలో తనని తాను నిలబెట్టుకునేది, ఎదుటివాణ్ణి గాయపరిచేది, తనని తాను కించపరుచుకునేది. మొదటి రెండూ ఎక్కువగా ఉన్నవాళ్లలో సాధారణంగా ఆందోళన, దిగులు తక్కువగా కనబడుతుంటాయి. చివరిదాని దారి అందుకు రివర్స్. జనం నవ్వుతున్నారు కదా అని తనని తానే తక్కువ చేసుకునే మనిషిలో దిగులు ఎక్కువగా కనబడుతుంది. మన నాట్యశాస్త్రం కూడా హాస్యాన్ని స్మితం నుంచి అతిహసితం దాకా ఆరు మెట్లుగా చెప్పింది. కాకపోతే ఆ లెక్క ఎంత గట్టిగా, ఎంత హుందాగా నవ్వామన్నదాని మీద నడుస్తుంది. మార్టిన్ లెక్క ఎవరికి గుచ్చుకుందన్నదాని మీద.

ఈ చివరి రెండు తీరుల గురించి శ్రీకాకుళం వాళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. తెలుగు సినిమాలో పనిమనిషికీ, వాచ్‌మన్‌కీ, లోకం తెలియని అమాయకుడికీ మన యాస అంటగట్టి నవ్వించడం పాత అలవాటు. ఇంటర్ అయ్యాక ఇచ్ఛాపురం నుంచో సోంపేట నుంచో హైదరాబాద్ హాస్టల్‌కి వెళ్లిన కుర్రాడు మొదటి రోజు మెస్‌లో "నాకొద్దు, ఆకలి నేదు" అంటాడు. టేబుల్ మొత్తం నవ్వుతుంది. "మళ్లీ అను, మళ్లీ అను" అంటారు. అనేవాళ్లలో చెడ్డవాళ్లెవరూ లేకపోవచ్చు, సరదాకే అని ఉండొచ్చు. ఒక నెల పోయాక చూడండి. ఆ కుర్రాడు రెండిట్లో ఒకటి చేస్తాడు. నోరు తెరవడం తగ్గించేస్తాడు, లేదా ఎవరో అనేలోపు తన యాసని తనే ఎక్కించి పలికి అందరినీ నవ్విస్తాడు. రెండోవాణ్ణి "భలే జోవియల్" అంటారు. వాడి లోపల ఏం జరుగుతోందో ఎవరూ అడగరు, ఎందుకంటే వాడు నవ్వుతున్నాడు.

అమెరికాలో నవోమి ఐసెన్‌బర్గర్ బృందం 2003లో కంప్యూటర్ మీద బంతి విసురుకునే ఆట ఆడిస్తూ, మధ్యలో ఒకరికి బంతి వేయడం మానేసి స్కాన్ తీసింది. వెలివేసినట్టు అనిపించినవాళ్లలో యాంటీరియర్ సింగ్యులేట్ అనే భాగం చురుకైంది. ఒంటి నొప్పి బాధించడంలో పాలుపంచుకునే భాగాల్లో అదొకటి. బంతి అందకపోతేనే అలా ఉంటే, పదిమంది నవ్వు మధ్య ఒక్కడే నవ్వులపాలైనప్పుడు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఎవరైనా నవ్వుతుంటే తన మీదే అనుకుని వణికిపోయే స్థితికి గెలోటోఫోబియా అని పేరు పెట్టి మరీ చదువుతున్నారు.

ఎగతాళి అంతా తప్పని నేననను. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం మొదటిసారి ఆడినప్పుడు గురజాడ నవ్వులపాలు చేయడానికి ఎంచుకున్నది పసిపిల్లలను ముసలివాళ్లకు అమ్ముకునే పెద్దమనుషులను, డాంబికం తప్ప ఏమీ లేని గిరీశాలను. ఆ పిల్లలను కాదు. పైవాడి మీద విసిరిన ఎటకారం కింద ఉన్నవాళ్లను ఒక జట్టు చేస్తుంది. కిందివాడి మీద విసిరితే వాణ్ణి ఉన్న జట్టులోంచి కూడా బయటికి తోసేస్తుంది. షెడ్డులో వంకాయ నవ్వుకీ, హాస్టల్ మెస్‌లో నవ్వుకీ శబ్దంలో తేడా ఉండదు.

చేతులెత్తి హహహ

పొద్దున్నే పార్కుల్లో చేతులు పైకెత్తి నవ్వే క్లబ్బుల గురించి అడిగేవాళ్లుంటారు. 1995లో ముంబైలో మదన్ కటారియా అనే డాక్టరు ఐదుగురితో మొదలుపెట్టింది ఇది. మొదట్లో జోకులు చెప్పుకునేవారు. కొన్నాళ్లకే మంచి జోకులు అయిపోయి, మనసు నొప్పించేవీ బూతులూ మిగిలాయి. దాంతో జోకులు తీసేసి ఊరికే నవ్వడం మొదలుపెట్టారు. దొంగ నవ్వుతో లాభముంటుందా? 1988లో పెన్ను పళ్ల మధ్య పెట్టుకున్నవాళ్లకు, అంటే ముఖం నవ్వినట్టు సాగినవాళ్లకు, కార్టూన్లు ఎక్కువ నవ్వు తెప్పించాయని జర్మనీలో తేల్చారు. 2016లో 17 లాబ్‌లు కలిసి అదే ప్రయోగం చేస్తే ఆ ఫలితం రాలేదు. 2022లో 19 దేశాల్లో దాదాపు 3,900 మందితో చేసిన పెద్ద పరీక్షలో, నవ్వు ముఖాన్ని అనుకరిస్తే సంతోషం కొంచెం పెరిగింది, పెన్ను పద్ధతి మాత్రం తేలలేదు. కొంచెమే, కానీ సున్నా కాదు. నా మట్టుకు ఆ క్లబ్బుల్లో మందు హహహ కాదనిపిస్తుంది. రిటైరై ఇంట్లో ఒంటరిగా కూర్చునే మనిషి రోజూ ఆరింటికి పదిమంది మొహాలు చూడడం, ఒకరోజు వెళ్లకపోతే "ఏటి రాలేదు నిన్న?" అని అడిగేవాళ్లుండడం అసలు మందు. దొంగ నవ్వు చూసి పక్కవాడికి నిజం నవ్వొచ్చేస్తుంది, అదింకో లాభం.

నవ్వు పని చేయని చోటు

డిప్రెషన్‌లో ఉన్న మనిషికి "కాస్త నవ్వరా, అన్నీ సర్దుకుంటాయి" అని చెప్పడం కాలు విరిగినవాణ్ణి నడిచి చూపించమన్నట్టే. ఆ జబ్బులో చాలామందికి మొద్దుబారేది ఇందాక చెప్పుకున్న బహుమతి వ్యవస్థే. జోకు అర్థమవుతుంది, అది జోకని తెలుస్తుంది, లోపల ఏమీ కదలదు. మర్యాద నవ్వు దారి మాత్రం పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి పెళ్లిళ్లలో, పేరంటాల్లో అందరితో పాటు నవ్వుతూనే ఉంటారు. "నిన్నటిదాకా నవ్వుతూనే ఉన్నాడండీ" అని తర్వాత చుట్టాలు చెప్పుకునే మాట వెనక ఉన్నది ఇదే. కాబట్టి చూడాల్సింది మనిషి నవ్వుతున్నాడా లేదా అని కాదు. ఇష్టంగా చేసే పనుల మీద రుచి పోయిందా, నిద్ర, తిండి మారాయా, తన గురించి తను వేసుకునే జోకుల్లో "నేను లేకపోతే మీకే హాయి" లాంటి మాటలు దొర్లుతున్నాయా అని. ఇవి రెండు వారాలకు మించి నడిస్తే మానసిక వైద్యుణ్ణి కలవాలి. ఆ చివరి మాట వినబడితే మాత్రం రెండు వారాలు ఆగక్కర్లేదు. అది జోకేనా అని ఆ రోజే నేరుగా అడగాలి, అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్నది అపోహ. జిల్లా కేంద్రం దాకా వెళ్లే వీలు లేనివాళ్లకు 2022 అక్టోబర్ నుంచి కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ ఉంది. నంబరు 14416. ఫోన్‌కి డబ్బులు పడవు, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. యాస ఏదైనా ఫరవాలేదు.